'ఇతరములు' గడి గారికి

నల్లగొండ,
ఆగస్టు 2022

మహారాజశ్రీ 'ఇతరములు' గడి గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. తమరు ఎప్పటిలాగే ఫారం అడుగున, సంతకం గీతకు పైన క్షేమంగా ఉన్నారని నిన్ననే కళ్లారా చూశాను.

కోవిడ్ టీకా బూస్టర్ డోసుకు వచ్చాను. రెండు గంటల లైను, సర్వర్ డౌన్, తిరగని ఫ్యాను. సరే, అలవాటే. ఫారం పట్టుకున్న పిల్లగాడు అడిగాడు: కిందటి డోసులకు జ్వరం వచ్చిందా? ఒళ్లునొప్పులు? తలనొప్పి? దేని గడి దానికుంది. "రెండో డోసు తర్వాత నెలసరి ఆరు రోజులు లేటయింది బాబూ, వచ్చాక గడ్డలు గడ్డలుగా పోయింది" అన్నాను. పిల్లగాడి చూపు ఆ తిరగని ఫ్యాను మీదికి పోయింది. "అది... ఇతరములు మేడమ్" అని మీ ఒళ్లో రెండు ముక్కలు రాశాడు: లేడీస్ ప్రాబ్లం.

అయ్యా, మీరున్నది నా బొటనవేలి గోరంత. మా వంటింటి క్యాలెండర్‌లో పాలు రాని రోజున ఇంటూ కొట్టడానికి ఇంతకన్నా ఎక్కువ చోటుంది. ఆ ఇంటూల పక్కనే ఎర్ర పెన్నుతో నా సున్నాలూ ఉంటాయి, ఏ నెల తేదీ ఆ నెలది. అడిగితే చింపి చేతికిచ్చేదాన్ని.

ఎవరడిగారు? టీకా ట్రయల్స్‌లో కడుపుతో ఉన్నామేమోనని పరీక్షలు చేశారు గానీ, సూది వేశాక నెలసరి ఎట్లా వచ్చిందని అడగలేదు. టీకాలు మొదలై ఏడాది దాటాక, 2022 జనవరిలో అమెరికావాళ్లు ఫోన్ యాప్‌లో తేదీలు రాసుకునే 3,959 మంది లెక్కలు తీసి చూశారు. సగటున తేలింది ఒక రోజు కూడా నిండని ఆలస్యం! నెత్తురు పోయే రోజులు పెరగనే లేదు. వాళ్లవి ఫైజర్, మోడర్నాలాంటివి. నాది కోవిషీల్డ్. నా ఆరు రోజులు సూదివో, టెన్షన్‌వో నేనెట్లా చెప్పను? చెప్పాల్సింది లెక్క కట్టేవాళ్లు. వాళ్లకు నేను 'ఇతరములు'.

మీరు ఖాళీగా ఉంచిన చోటును వాట్సాప్ నింపింది. నెలసరికి ముందు ఐదు రోజులు, తర్వాత ఐదు రోజులు టీకా వద్దట! అబద్ధమని ప్రభుత్వం చెప్పినా మా ఆడబిడ్డ కూతురు మూడు నెలలు సూదికి దొరకలేదు. ఆ మూడు నెలలకు జవాబు ఎవరు చెప్తారు, నువ్వా? సిగ్గుండాలి.

చేతి మీద దూది అదిమి పట్టుకుంటూ నర్సమ్మ చెవిలో చెప్పింది, "నాక్కూడా అట్లనే అయింది అక్కా."

"ఎక్కడ రాశావు?"

"యాడ రాస్త?"

మూడో డోసు వేయించుకునే వచ్చాను. ఈసారి తేదీ తప్పితే మళ్లీ వస్తాను. ఫారం తిప్పి వెనక రాస్తాను, అటువైపంతా ఖాళీనే.

ఇట్లు,
లేడీస్ ప్రాబ్లం