వైన్ షాపులో వైన్ అడిగితే

"వైన్ షాపుకొచ్చి వైనడుగుతారేటండీ?"

కౌంటర్ వెనకాల కుర్రాడు కోపంగా అనలేదు, పాపం. జాలిగానే అన్నాడు. గుర్రం మార్కు అగ్గిపెట్టె తెరిచి అందులో గుర్రం కోసం వెతికేవాణ్ణి చూసినట్టు చూశాడు. బయట బోర్డు మీద గజం ఎత్తు అక్షరాలతో 'వైన్స్' అని ఉంది. అదీ బహువచనంలో. ఇంతలో నా భుజం మీదుగా ఎవరిదో చెయ్యి ఇనుప గ్రిల్లులోకి దూరి "ఓ క్వార్టరియ్యి తమ్ముడూ" అంది. క్వార్టర్ వచ్చింది. చెయ్యి వెళ్లిపోయింది. నేనూ మా బావమరిదీ మిగిలాం.

మావాడు అమెరికాలో, శాన్ హోసేలో ఉంటాడు. శనాదివారాలు నాపా లోయకి పోయి ద్రాక్షతోటల్లో గ్లాసు తిప్పుతూ వాసన చూసొస్తాడు. ఏ ఊరెళ్తే ఆ ఊరిదే తినాలి, ఆ ఊరిదే తాగాలి అని ఈమధ్య ఓ నియమం పెట్టుకున్నాడు. తిండి వరకూ విశాఖపట్నంలో మాట పడే పని లేదు. వంజరం వేపుడూ చందువా పులుసూ తిని మూడు రోజులు నోరెత్తలేదు. మూడో రోజు సాయంత్రం భీమిలి ఇసకలో కూర్చుని తీరిగ్గా అడిగాడు: "అవును గానీ బావా, మీ ఊరి వైనేది? మీ ఊరి క్రాఫ్ట్ బీరేది?" క్రాఫ్ట్ బీరంటే పెద్ద ఫ్యాక్టరీలో కాకుండా చిన్న ఎత్తున, శ్రద్ధగా కాచేదట.

నాకు తల కొట్టేసినట్టయింది. భీమిలంటే 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు. డచ్చివాళ్లు వచ్చి కోట కట్టి, వ్యాపారం చేసి, చివరికి ఇక్కడి సమాధుల్లోనే పడుకున్న ఊరు. ఇంటికొచ్చిన బావమరిది చేతిలో పెట్టడానికి గ్లాసుడు సొంత సరుకు లేదని ఒప్పుకుంటే రేపు వాడు అమెరికా వెళ్లి ఏం చెప్పుకుంటాడు? అప్పటికప్పుడు ఏకసభ్య విచారణ సంఘం వేసుకుని దానికి నేనే అధ్యక్షుణ్ణయ్యాను. విచారణలో తాగిందంతా విధి నిర్వహణలో భాగమేనని ముందే మనవి చేసుకుంటున్నాను. మా ఆవిడకి కూడా ఇదే మనవి.

మొదటి సాక్షి ఆ వైన్ షాపే. నేతిబీరకాయలో నెయ్యెంతో అక్కడ వైనంత. బీరకాయలో కనీసం బీరకాయ ఉంటుంది. సరే, బీరైనా అడుగుదామని అడిగితే కుర్రాడు రెండే ప్రశ్నలు వేశాడు. "లైటా, స్ట్రాంగా?" అన్నది మొదటిది. రెండోది ప్రశ్న కాదు, హెచ్చరిక: "కూలింగ్ లేదు." మన బీరు శాస్త్రం ఇక్కడితో సంపూర్ణం. ప్రపంచంలో మరెక్కడో ఎర్ర బీరని, నల్ల బీరని, గోధుమ బీరని వందల రకాలు పెట్టుకుని జనం అవస్థలు పడుతున్నారు. మనం వాటన్నిటినీ ఒక ఫ్రిజ్జు తలుపుతో తేల్చేశాం.

"లోకల్ ఏమైనా ఉందా?" అని బావమరిది గ్రిల్లుకి మొహం ఆనించి అడిగాడు. కుర్రాడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "లోకల్ ఒద్దు సార్. పొద్దున్న తల పగిలిపోద్ది."

భాషలోనే ఉంది తిరకాసంతా. వాళ్ల దేశంలో సీసా మీద 'లోకల్' అని రాస్తే ధర పెరుగుతుంది. మన దగ్గర ఆ మాట వింటే మనిషి అంబులెన్సు నంబరు గుర్తు తెచ్చుకుంటాడు. అందుకే మన సీసాలకి మనం పెట్టుకున్న సర్కారీ పేరు 'ఇండియన్ మేడ్ ఫారిన్ లిక్కర్'. ఈ సమాసానికి విగ్రహవాక్యం చెప్పగల పండితుడు ఇంకా పుట్టలేదు. చెరకు మన పొలంలోది. పంచదార తీయగా మిగిలిన మడ్డి మన ఫ్యాక్టరీలోది. ఆ మడ్డి నుంచి తీసిన స్పిరిట్‌కి రంగూ రుచీ కలిపేదీ మనమే. తాగేది మన మావయ్య, పాడయ్యేది ఆయన కాలేయం. అయినా అది ఫారిన్. ఆ ఫారిన్ వాళ్లేమో, యూరప్‌లోనైతే, ధాన్యంతో చేయనిదాన్ని విస్కీ అని అమ్మనివ్వరు. అంటే మన దగ్గర విదేశీ, విదేశంలో అనామకం. పాస్‌పోర్టు ఉండి వీసా రాని బతుకు.

ప్రభుత్వాన్ని తప్పు పట్టలేం. దాని కష్టాలు దానివి. రాజ్యాంగం 47వ అధికరణం మద్యపాన నిషేధానికి ప్రయత్నించమంటుంది. ప్రయత్నించారు కూడా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీద తిరగబడితే, 1993లో సారా పోయింది. 1995 జనవరిలో మొత్తం మద్యమే పోయింది. 1997లో, అలిగి పుట్టింటికి పోయినట్టు పోయిందల్లా సామాన్లతో సహా తిరిగొచ్చేసింది. 2019లో సర్కారే కౌంటర్లో కూర్చుని ఎవరూ ఎన్నడూ వినని బ్రాండ్లు అమ్మింది. 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటు. 3,396 షాపులకి లాటరీ. దరఖాస్తుకి 2 లక్షలు, రాకపోయినా వాపసు లేదు. సుమారు 90 వేల దరఖాస్తులు పడ్డాయి. దాదాపు 1,800 కోట్లు. చుక్క సరుకు అమ్మకుండా, మూత తీయకుండా, ఒట్టి కాగితాల వాసనకే ఇంత కిక్కు. క్రాఫ్ట్ అంటే ఇదీ. జర్మనీవాడొచ్చి నేర్చుకోవాలి.

ఇంకో హస్తకళ కూడా మనవి చేయాలి. గీత కులాలకి న్యాయం చేయాలని మద్యం షాపుల్లో 10 శాతం వాళ్లకి కేటాయించారు. తాతల నాటి నుంచి చెట్టెక్కి కల్లు గీసేవాణ్ణి చెట్టు దింపి, గ్రిల్లు వెనక కుర్చీ వేసి, బ్రాందీ అమ్ముకోమన్నారు. చేనేతకారుణ్ణి ఆదుకోవడానికి పాలియెస్టర్ చీరల కొట్టు పెట్టించినట్టు. కుర్చీ మాత్రం మెత్తగానే ఉంటుంది, కాదనను.

పాతకాలం సర్కార్లకి ఈ విషయంలో కొంచెం అభిరుచి ఉండేదేమో అని అనుమానమొచ్చి కౌటిల్యుడి అర్థశాస్త్రం తిరగేశాను. ఎక్సైజు శాఖకి ఆదిపురుషుడాయన. సురాధ్యక్షుడని ఓ అధికారినే పెట్టాడు. పానశాలకి చాలా గదులుండాలి, గదుల్లో వేర్వేరుగా మంచాలూ ఆసనాలూ ఉండాలి, గంధం, పూలమాలలు, నీళ్లు ఉండాలి, ఏ రుతువుకా రుతువు హాయిగా ఉండాలి అని రాశాడు. మన పర్మిట్ రూములో నీళ్లు మాత్రం ఉంటాయి, ప్యాకెట్లో. పూలమాల గోడ మీద దేవుడి పటానికి ఉంటుంది. రుతువు ఏదైనా ఉక్కపోతే. ద్రాక్షరసంతో చేసిన మధువుని అది పుట్టిన దేశం పేరుతోనే పిలుస్తారని కూడా చెప్పాడాయన, కాపిశాయనం, హారహూరకం అని. నాపా లోయ పేరు సీసా మీద చదివి మావాడు కళ్లు మూసుకుంటాడే, అదే సంగతి. ఆ లెక్కన మన ఊరి సీసా పేరేమవ్వాలి? గాజువాకాయనమా?

నగరంలో ఒక హోటల్ మేడ మీద బీరు అక్కడే కాస్తారని విని వెళ్లాం. అద్దాల వెనక నిలువెత్తు స్టీలు తొట్లు నిగనిగలాడుతున్నాయి. పాల డైరీకి వచ్చామా అనిపించింది. వెయిటర్ కుర్రాడు ఆరు పేర్లు చదివాడు, ఒక్కటీ నా నోటికి లొంగలేదు. బావమరిది ఒక గుక్క నోట్లో అటూ ఇటూ పుక్కిలించి "సిట్రస్ నోట్స్" అన్నాడు. నాకైతే నిమ్మకాయ పిండిన బార్లీ జావలా ఉంది. చిన్నప్పుడు జ్వరమొస్తే అమ్మ ఊరికే ఇచ్చేది.

"మాల్టు, అదే మొలకెత్తించిన బార్లీ, ఎక్కడిది బాబూ?" అన్నాను, అధ్యక్ష హోదాలో.

"జర్మనీ సార్."

"చేదు కోసం వేసే ఆ హాప్స్ పువ్వులు?"

"అమెరికా సార్."

"ఈస్టు?"

"బెల్జియం అనుకుంటా సార్."

"మరి ఇందులో మన ఊరిదేటి?"

ఆ అబ్బాయి నిజాయితీపరుడు. క్షణం ఆలోచించి "నీళ్లు సార్" అన్నాడు.

1516లో బవేరియావాళ్లు బీరులో నీళ్లు, బార్లీ, హాప్స్ తప్ప మరేదీ ఉండకూడదని శాసనం చేశారు. ఆ ప్రకారం మూడింట ఒక వంతు లోకల్. పాస్ మార్కులొచ్చినట్టే. అవి తాటిపూడి రిజర్వాయరు నీళ్లైతే పేరులోనైనా తాడి ఉందని సంతోషించేవాణ్ణి. ట్యాంకరువట.

బిల్లు చూశాక బీచ్ రోడ్డు గాలి పీల్చుకోవలసి వచ్చింది. దారిలో తొట్లకొండ వచ్చింది. తొట్లంటే కొండ మీద రాతిలో తొలిచిన నీళ్ల తొట్లు, బీరువి కావు. రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులున్న చోటు. వాళ్ల పంచశీలలో అయిదోది సురామేరయాలు ముట్టనని. సుర పిండితో, అన్నంతో పులియబెట్టింది. మేరయం పూలతో పళ్లతో పులియబెట్టింది. అంటే బీరుని విడిగా, వైన్‌ని విడిగా పేరు పెట్టి పిలిచి మరీ వద్దన్నాడు బుద్ధుడు. మన ఎక్సైజు శాఖ అమ్మేటప్పుడు కూడా పట్టించుకోని తేడాని ఆయన మానిపించేటప్పుడు కూడా పాటించాడు. మహానుభావుడు.

వైన్ దొరకలేదని మాత్రం అనకూడదు. దొరికింది, ఆయుర్వేదం కొట్లో. ద్రాక్షారిష్టం. ఎండుద్రాక్ష కషాయంలో బెల్లం కరిగించి, ధాతకీ పువ్వులూ ఏలకులూ దాల్చినచెక్కా వేసి, మూత బిగించి వదిలేస్తే దానంతటదే పులుస్తుంది. అందులో స్వయంగా పుట్టే ఆల్కహాల్ ఎంత శాతమో సీసా మీదే రాస్తారు. లాటరీ లేదు, గ్రిల్లు లేదు, క్యూ లేదు. బావమరిది అక్కడే మూతలో పోసుకుని, తిప్పి, వాసన చూసి, కళ్లు మూశాడు. కొట్టావిడ వాణ్ణే గమనిస్తోంది.

"మలబద్ధకమా బాబూ?"

"నో ఆంటీ, టేస్టింగ్."

"మూడు చెంచాలు, సమానంగా నీళ్లు. భోజనం చేశాక," అందావిడ. మావాడికి బాగా నచ్చింది. కానీ సీసా వెనక చిరునామా కేరళది. సంఘం తిరస్కరించింది.

డిసెంబరు అయ్యుంటే దారి వేరు. ఆవకాయ జాడీలో ద్రాక్షపళ్లూ పంచదారా వేసి, గుడ్డ కట్టి, క్రిస్మస్‌కి వైన్ చేసే ఇళ్లు వాల్తేరు రైల్వే కాలనీల వైపు ఇప్పటికీ కొన్ని ఉన్నాయి. అది అమ్మేది కాదు, పిలిచి పోసేది. ఏప్రిల్‌లో ఎవరు పిలుస్తారు? ఏప్రిల్‌లో పలాస వైపు తోటల్లో జీడిమామిడి పళ్లు రాలి, గింజ పీక్కున్నాక, ఈగలు ముసిరి కుళ్లుతుంటాయి. ఆ పండుతోనే గోవావాళ్లు ఫెని కాచి 2009లో భౌగోళిక గుర్తింపు కూడా తెచ్చుకున్నారు. మనకి జీడిపప్పు ఉప్మాలోకొస్తే చాలు.

ఎవరో తాటిచెట్లపాలెం వెళ్లమన్నారు. పేరు చూసి ఆశపడ్డాను. అక్కడ అపార్ట్‌మెంట్లున్నాయి, పార్కింగ్ తగువులున్నాయి, తాటిచెట్టు మాత్రం నా కంటికి ఆనలేదు. వైన్స్‌లో వైన్ లేనట్టే.

ఆఖరికి ఒకరోజు తెల్లారుజామున భీమిలి దాటాక, రోడ్డుకి దూరంగా ఇసకనేలలో, చెట్టు మీద మనిషి కనబడ్డాడు. అరవై దాటినవాడు. నడుముకి మోకు, వెనక కత్తి, పక్కన వేలాడే కుండ. గెల కొసన కత్తితో ఉల్లిపొర మందాన ఒక్క చెక్కు తీశాడు. కింద నుంచి చూస్తుంటే పెన్సిలు చెక్కినంత తేలిగ్గా ఉంది. ఆ చెక్కు కాస్త మందమైతే గెల పాడవుతుందట, పలచనైతే ధార రాదట. నిండిన కుండ దింపి, ఖాళీది కట్టి, జారినట్టు దిగొచ్చాడు. కుండ మూతి దగ్గర నురగ బుసబుసమంటోంది, రెండు తేనెటీగలు అందులో పడి సుఖంగా చచ్చి ఉన్నాయి. గుడ్డలో వడకట్టి, తాటాకు మడిచి మా దోసిళ్లలో పెట్టి పోశాడు.

బావమరిది తాటాకుని తిప్పాడు. సగం ఒలికింది. వాసన చూశాడు.

"ఏ ఈస్టు వాడతావు తాతా?"

"ఈస్టేటి బాబూ?"

"అంటే పులియడానికి..."

"పులవకుండా ఆపడానికే సున్నం రాయాల గానీ, పులవడానికేటి? దానికదే పులుస్తాది."

"ఇది ఏ ఇయర్‌ది?"

ముసలాయనకి వాడి మతి మీద అనుమానమొచ్చినట్టుంది. నా వైపు చూసి, నెమ్మదిగా చెప్పాడు. "పొద్దుటిది."

మావాడు మాట్లాడలేదు. నాపా లోయలో కూడా వాడంతసేపు కళ్లు మూసుకుని ఉండడు. మూడో ఆకుకి "వైల్డ్ ఫర్మెంటెడ్, అన్‌ఫిల్టర్డ్, సింగిల్ ట్రీ" అని గొణిగి, ఇది మా ఊళ్లో గ్లాసు పద్దెనిమిది డాలర్లు బావా అన్నాడు. ముసలాయన తీసుకున్నది యాభై. చిల్లర ఇవ్వబోయాడు కూడా.

రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా నింపించుకుని, మూత బిగించి, అక్కకి చూపిస్తానని కారు వెనక సీట్లో పడుకోబెట్టాడు. ముసలాయన వెనకనుంచి అరుస్తూనే ఉన్నాడు, "మూత ఒదులుగా పెట్టండి బాబూ" అని. లోకల్ మనిషి మాట ఎవడు వింటాడు? మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర ఢామ్మని పేలింది. సీట్లు, అద్దాలు, మా ఇద్దరి వీపులు, ఏకసభ్య సంఘం నోట్సు అన్నీ తడిసిపోయాయి. పక్క బైకువాడు హెల్మెట్ అద్దం పైకెత్తి గట్టిగా పీల్చి, "ఎక్కడిదన్నా?" అన్నాడు ఆశగా.

ఇంటికెళ్లేసరికి మా ఆవిడ గుమ్మంలోనే ఉంది. ముక్కు చిట్లించింది.

"ఏటిరా ఆ కంపు?"

"నాచురల్ వైన్ అక్కా."

ఆవిడ తమ్ముణ్ణి కాదు, నన్ను చూసింది. బక్కెట్టు బయటికి తోసి తలుపేసుకుంది.