వారానికి పది నిమిషాలు, ఒకే చెట్టు

హైదరాబాద్‌లో జరిగిన ప్రకృతి పరిశీలనల్లో ప్రపంచమంతటికీ పనికొచ్చింది ఒకటుంది. అది ఏ అడవిలోనో జరగలేదు. బేగంపేటలో ఒక గదిలో, దోమ పొట్ట మీద జరిగింది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు, మలేరియా రోగి రక్తం తాగిన దోమ కడుపు గోడలో ఆ జ్వరం తాలూకు పరాన్నజీవిని చూశాడు. 1902లో నోబెల్ వచ్చింది. ఇంతవరకూ మన పిల్లలకు జీకే బిట్‌గా తెలుసు. తెలియనిది దాని ముందు కథ. అంతకుముందు రెండేళ్లుగా ఆయన దోమల్ని కోస్తూనే ఉన్నాడు, ఏమీ దొరకలేదు. ఎందుకంటే ఆయన కోసినవి వేరే రకం దోమలు. రెక్కల మీద మచ్చలుండే రకం కంటపడి, వాటిని లార్వాల నుంచి పెంచి చూశాకే పని జరిగింది.

దోమల్లో రకాలుంటాయని గమనించడానికి మైక్రోస్కోపు అక్కర్లేదు. కళ్లు, ఓపిక చాలు. ఈ రెండూ పిల్లలకు నేర్పడానికి మనం ఏం చేస్తున్నామన్నదే నా ప్రశ్న.

మన దగ్గర ‘నేచర్’ అంటే బస్సెక్కి వెళ్లాల్సిన చోటు. జూపార్కు, కేబీఆర్ పార్కు, కాస్త ఖరీదైన బడులైతే వికారాబాద్ కొండలు. ఏడాదికోసారి పొద్దున్నే ఒకే రంగు టీషర్టుల్లో పిల్లల్ని ఎక్కిస్తారు. చిప్స్ ప్యాకెట్లు, గ్రూప్ ఫొటో, తిరిగొచ్చాక ఒక వర్క్‌షీటు. మా అమ్మాయి మూడో తరగతిలో ఉన్నప్పుడు వాళ్ల బడిలో అడవి బొమ్మ చేసుకురమ్మన్నారు. ‘పర్యావరణాన్ని కాపాడుదాం’ అనేది శీర్షిక. చేయాల్సింది థర్మోకోల్ మీద! బడి పక్క స్టేషనరీ షాపులో రెడీమేడ్ సింహం, జిరాఫీ స్టిక్కర్లు అమ్ముతున్నారు. నేనూ కొన్నాను, రాత్రి పదింటిదాకా కూర్చుని అంటించింది కూడా నేనే. మర్నాడు బడి గేటు దగ్గర దింపుతూ, గేటు మీదికి వాలిన చెట్టు ఏమిటని అడిగాను. దానికి తెలియదు. నిజం చెప్పాలంటే ఆ రోజుకి నాకూ తెలియదు.

చదువుల పెద్దలు ఈ సంగతి పట్టించుకోలేదని కాదు. పర్యావరణాన్ని తప్పనిసరిగా బోధించాలని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. చిన్న తరగతులకు పరిసరాల విజ్ఞానం అనే సబ్జెక్టే ఉంది. పేరు పెట్టినవాళ్లు ఎవరోగానీ చక్కగా పెట్టారు, పరిసరాలంటే చుట్టూ ఉన్నవే కదా. కానీ పరీక్షకు వచ్చేసరికి ఆ చుట్టూ ఉన్నది పోయి, పుస్తకంలో ఉన్నది మిగులుతుంది. ‘వేరు చేసే పనులేవి?’ అన్న ప్రశ్నకు నాలుగు పాయింట్లు రాసి నాలుగు మార్కులు తెచ్చుకున్న పిల్ల, సెల్లార్ గోడను చీల్చుకొచ్చిన రావి మొక్క వేరును ఒక్కసారి కూడా చూసి ఉండదు. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు పది రోజులు సంచి లేకుండా బడికి రావాలంది. మంచిదే. అవి పది పిక్నిక్కులుగా మారిపోతాయేమోనన్నదే నా భయం.

నా వాదన చిన్నది. ప్రకృతి పాఠానికి కావాల్సింది కొత్త చోటు కాదు, పాత చోటికి మళ్లీ మళ్లీ వెళ్లడం. పది రోజులు పది చోట్లకు తిప్పేకన్నా, వారానికి పది నిమిషాల చొప్పున ఏడాదంతా ఒకే చెట్టు దగ్గర నిలబెట్టడం మేలు. ఒక్కసారి చూస్తే తెలిసేది ఆకారం మాత్రమే. మార్పు తెలియాలంటే రెండోసారి చూడాలి. ప్రశ్న పుట్టేది మూడోసారి చూసినప్పుడు. ఈ నమ్మకం నాకు ఏ పుస్తకం నుంచో రాలేదు, కరివేపాకు కుండీ నుంచి వచ్చింది.

మాది నాలుగో అంతస్తు. బాల్కనీలో కుండీ, కుండీలో పోపు కోసం పెంచుకున్న కరివేపాకు మొక్క. రెండేళ్ల కిందట ఒక ఉదయం ఆకుల మీద పిట్ట రెట్టలు కనిపించాయి. దులపబోతే ఒక రెట్ట కదిలింది. గొంగళిపురుగు! పక్షులు తినకుండా ఉండటానికి చిన్నతనంలో వాటి వేషం అది. కరివేపాకు, నిమ్మ, బత్తాయి ఒకే కుటుంబం. వాటి ఆకులు తిని బతికే సీతాకోకచిలుకలు నగరంలో కొదవ లేకుండా ఉన్నాయి. ఇదంతా తర్వాత తెలిసింది. ఆ పూట తెలిసింది ఒక్కటే, పురుగుల మందు కొట్టాలా వద్దా అన్న విషయంలో మా ఇంట్లో రెండు పార్టీలు ఏర్పడ్డాయి. మా అమ్మాయి, నేను ఒకవైపు. పోపు పెట్టేవాళ్లు ఇంకోవైపు.

మొత్తం ఏడు పురుగులు. మా అమ్మాయి లెక్కపెట్టి, పాత నోటుపుస్తకం వెనక పేజీల్లో రాయడం మొదలుపెట్టింది. కొన్నాళ్లకు రెట్ట వేషం తీసేసి ఆకుపచ్చ రంగు వేసుకున్నాయి. పుల్లతో మెల్లగా తాకితే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ముల్లాంటిది బయటికొస్తుంది, ఘాటు వాసన వేస్తుంది. ఈ పని మా అమ్మాయి రోజుకు ఇరవైసార్లు చేయబోతే ఆపాల్సి వచ్చింది. తర్వాత ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి నాలుగే ఉన్నాయి. మర్నాడు రెండు. మూడోరోజు దొంగ దొరికింది, పికిలిపిట్ట. బాల్కనీ రెయిలింగ్ మీద ముక్కుతో పురుగును అటూ ఇటూ కొట్టి మింగింది. అమ్మాయి ఏడ్చింది. వల కట్టమంది. కట్టనా వద్దా అని నేనూ ఊగిసలాడాను, కట్టలేదు. ఆ పిట్టకు కూడా గూట్లో పిల్లలుంటాయేమో అన్నాను. “అయితే అది వేరేవాళ్ల బాల్కనీకి పోవచ్చుగా” అంది. ఏడింటిలో చివరికి ఒకటి, కుండీ పక్క గోడకి నడుముకి దారం కట్టుకున్నట్టు వేలాడి ప్యూపా అయింది. సుమారు పది రోజుల తర్వాత, పొద్దున ఏడింటికి, నలిగిన రెక్కలతో నల్లటి సీతాకోకచిలుక బయటికి వచ్చింది. రెక్కలు ఆరేదాకా చూస్తూ ఉండిపోయాం. బడి బస్సు వెళ్లిపోయింది.

గుడ్డు, లార్వా, ప్యూపా, ప్రౌఢ దశ అని బాణం గుర్తులతో వేసే బొమ్మ మా అమ్మాయికి అప్పటికే వచ్చు. ఆ బొమ్మలో పికిలిపిట్ట లేదు. ఏడింటిలో ఆరు ఏమయ్యాయో ఆ బాణాలు చెప్పవు.

ఆ తర్వాత మా సందు చివర కానుగ చెట్టును పట్టుకున్నాం. బడి గేటు మీదికి వాలిందీ కానుగేనని అప్పుడే తెలిసింది. ఆదివారం పాల ప్యాకెట్‌కి వెళ్లినప్పుడు పది నిమిషాలు అక్కడ ఆగడం. ఎంత ఆకు ఉంది, లేతదెంత, పువ్వుందా, కాయుందా, ఎవరొచ్చారు, అంతే రాయడం. వసంతంలో ఆకంతా రాల్చి, చూస్తుండగానే మెరిసే లేతాకుపచ్చలోకి మారుతుంది. ఎండలు ముదిరాక కింద పార్క్ చేసిన కార్ల మీద పేలాలు పోసినట్టు పూలు రాలతాయి. ఇదే పద్ధతిలో సీజన్‌వాచ్ అనే కార్యక్రమంలో దేశమంతటా బడిపిల్లలు చెట్లను వారం వారం చూసి రాస్తున్నారు. మాకు అంత క్రమశిక్షణ లేదు, వర్షమొస్తే ఎగ్గొడతాం. అయినా ఒక సంగతి తేలింది. మా సందులో రెండు కానుగ చెట్లున్నాయి. ట్రాన్స్‌ఫార్మర్ పక్కది ఈసారి పన్నెండు రోజులు ఆలస్యంగా చిగురించింది. కరెంటు తీగలకు తగులుతున్నాయని కొమ్మలు కొట్టినందుకా? దాని కింద సిమెంటు పోసినందుకా? నాకు తెలియదు. తెలియదని పిల్లకు చెప్పాను. పెద్దలకు ఈ చదువులో అన్నిటికన్నా కష్టమైన పని అదే అనుకుంటాను. మనకు వెంటనే జవాబు చెప్పేసే జబ్బు ఒకటుంది, తెలియకపోతే ఫోన్ తీసి చూసి మరీ చెబుతాం.

నోటుపుస్తకంలో తేదీల పక్కన కార్తె కూడా రాయమన్నది మా నాన్న. మొదట్లో ఛాదస్తం అనిపించింది. ఆలోచిస్తే, ఏడాదిని పదమూడు, పద్నాలుగు రోజుల చొప్పున 27 ముక్కలు చేసి, ఏ ముక్కలో ఏం జరుగుతుందో గుర్తుపెట్టుకోవడం అచ్చంగా ప్రకృతి పరిశీలనే కదా. రోహిణిలో రోళ్లు పగులుతాయి. మృగశిర వస్తే నాంపల్లిలో చేపమందుకు క్యూ కడతారు, నగరంలో చాలామందికి తెలిసిన కార్తె అదొక్కటే. జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర. తొలకరికి మట్టిలోంచి ఎర్రటి మఖమల్ గుండీల్లా ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి. అగ్గిపెట్టెలో పెట్టుకుని బడికి తీసుకెళ్లిన తరం నాది. కాళ్లు లెక్కపెడితే ఎనిమిదుంటాయి, అంటే అది కీటకం కాదు, సాలీడుకు చుట్టం. ఈ మాట నాకు నలభై ఏళ్లకు తెలిసింది. చిన్నప్పుడు ఎవరైనా లెక్కపెట్టమని ఉంటే బాగుండేది. మా అమ్మాయి రెండు ఆరుద్రల్లోనూ కాలనీ ఖాళీ ప్లాటులో వెతికింది. ‘రాలేదు’ అని రాసింది. ఆ రాత కూడా అవసరమే. మొన్న ఆ ప్లాటులోనూ బోరు పడింది.

ఇక పేర్ల సంగతి. పేర్లు తెలియాల్సిందే, కానీ ఎవర్ని అడగాలన్నది ముఖ్యం. ఫోన్‌లో ఫొటో తీస్తే మొక్క పేరు, కూత వినిపిస్తే పిట్ట పేరు చెప్పే యాప్‌లున్నాయి. నేనూ వాడతాను. ఇంగ్లిష్ పేరు, లాటిన్ పేరు చెప్పి అవి ఊరుకుంటాయి. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్యది పాలమూరు వైపు ఊరు. కాంపౌండ్ గోడ వెంబడి పెరిగిన కలుపును పీకమని ఆమెకు చెప్పారు. పీకుతూ పీకుతూ మా అమ్మాయిని పిలిచి, “ఇగో బిడ్డా, గిది ఉత్తరేణి. జర ఆగు, నీ గౌనుకు ఎట్ల అంటుకుంటదో సూడు” అంది. విత్తనాలు ఎలా ప్రయాణిస్తాయన్న పాఠం అక్కడే, ఆ గౌను అంచున అయిపోయింది. గునుగు, పల్లేరు, తుమ్మికూర, అన్నీ ఆమెకు వచ్చు. మా అపార్ట్‌మెంట్‌లో డాక్టర్లు, ఇంజినీర్లు ఉన్నారు. మొక్కల గురించి తెలిసినామె చేతికి మాత్రం చీపురిచ్చాం.

మన పండుగల్లోనే ఒక పాఠ్యప్రణాళిక ఉంది. వినాయక చవితికి 21 పత్రులు. అందులో గరిక, ఉమ్మెత్త, రేగు, ఉత్తరేణి, తులసి, మామిడి, గన్నేరు, దానిమ్మ, రావి, జిల్లేడు, ఈ పదింటిని నగరంలో ఏ కాలనీ నుంచైనా కాస్త దూరం నడిస్తే చూపించవచ్చు. మనం మాత్రం రైతుబజారు ముందు పత్రి కట్ట కొంటాం. అందులో ఏముందో అమ్మేవాళ్లూ చెప్పరు, మనమూ అడగం. బతుకమ్మకూ అంతే, గునుగు, తంగేడు కట్టలు కట్టలుగా దిగుతాయి, పెరిగిన చోటు పిల్లలు చూడరు. తంగేడు మన రాష్ట్ర పుష్పమని మాత్రం బిట్ పేపర్లో టిక్ పెడతారు. (పత్రి కోయడానికి పిల్లల్ని తీసుకెళ్తే ఒక జాగ్రత్త. ఉమ్మెత్త, గన్నేరు విషం. జిల్లేడు పాలు కంట్లో పడకూడదు. చేతులు కడిగించాలి.)

బడుల్లో ‘చెట్లు నాటుదాం’ ర్యాలీలకు నేను వ్యతిరేకిని కాదు గానీ, చూడటం రాకుండా నాటడం ఎటు పోతుందో మనం చూశాం. హరితహారంలో భాగంగా 2015 తర్వాత డివైడర్ల మీద, ఊళ్లలో, కోనోకార్పస్ ఇబ్బడిముబ్బడిగా పెరిగింది. త్వరగా పచ్చబడుతుంది, పశువులు ముట్టవు. తర్వాత ప్రభుత్వమే దాన్ని నాటొద్దంది. ఆ చెట్టు ముందు ఒక వారం నిలబడి, దాని మీద ఎన్ని పిట్టలు వాలుతున్నాయో, పక్కనున్న వేప మీద ఎన్ని వాలుతున్నాయో ఏ బడి పిల్లలైనా లెక్కపెట్టి ఉండొచ్చు. వాళ్లకు ఆ పని ఎవరూ అప్పగించలేదు.

అభ్యంతరాలు నాకూ తెలుసు. వీధికుక్కల భయం ఉత్తిదేం కాదు, చిన్నపిల్లల్ని ఒంటరిగా పంపే రోజులు కావివి. మేలో బయట నిలబడలేం. బస్తీల్లో ఎన్నో బడులకు ఆటస్థలమే లేదు, ఒక చెట్టు కూడా లేని బడులున్నాయి. ఉద్యోగాలు చేసే తల్లిదండ్రులకు ఆదివారం ఒక్కటే మిగులుతుంది, అందులోనూ ట్యూషన్. అందుకే పది నిమిషాలంటున్నాను, అందుకే ఇంటికి దగ్గర అంటున్నాను. చెట్టు లేకపోతే గోడ చాలు, బల్లి, సాలెగూడు, చీమల బారు ఉంటాయి. అవీ లేవంటే పావురాలు తప్పకుండా ఉంటాయి, వాటిని తిట్టుకునే బదులు మగదేదో ఆడదేదో కనిపెట్టమనండి. ఇక రాళ్ల గురించైతే హైదరాబాద్ పిల్లలు అదృష్టవంతులు. కాలనీ చివర మిగిలిపోయిన బండ సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. జూపార్కులో అంత పాతది ఏదీ లేదు.

మార్కులు మాత్రం పెట్టొద్దు. పెట్టిన మరుక్షణం స్టేషనరీ షాపులో రెడీమేడ్ కానుగ డైరీలు వస్తాయి.

ఈ వారం మా అమ్మాయి పుస్తకంలో కొత్తగా ఒక ఫిర్యాదు చేరింది. కోకిలకు కవులు మావిచిగుళ్లు తినిపించారు గానీ మా సందులో అది రావిపండ్లు తింటోంది. తినేచోటికి కాకులు వచ్చి తరుముతున్నాయి. ‘కాకి నల్ల పిట్టను తరిమింది. చుక్కల పిట్టను కూడా తరిమింది. చిలకను ఏమీ అనలేదు. ఎందుకు?’ అని రాసింది. ఆ నల్లదీ చుక్కలదీ ఒకే జాతి, ఒకటి మగ, ఒకటి ఆడ. దాని లెక్కలో మాత్రం ఇంకా రెండు వేర్వేరు పిట్టలు. పక్క అపార్ట్‌మెంట్ నీళ్ల ట్యాంకు పక్కన వేప కొమ్మల్లో కాకిగూడు ఒకటుంది, మా డాబా మీది నుంచి లోపలికి కనిపిస్తుంది. జూన్ దాకా ఆగుదామనుకుంటున్నాను.