బిందె మూతికి కట్టిన గుడ్డ

2025 జూన్ 23 రాత్రి ఖతార్‌లోని అమెరికా స్థావరం మీద ఇరాన్ క్షిపణులు వేసింది. ఆ రాత్రే కువైట్ కూడా తన గగనతలాన్ని మూసేసింది. రాయచోటి, రాజంపేట వైపు కువైట్‌కు ఒక మనిషినైనా పంపని ఊరు అరుదు. అక్కడి ఇళ్లలో యుద్ధమంటే అవతల ఎత్తని ఫోను. అంతకుముందు 2022లో రష్యా ఉక్రెయిన్ మీద దండెత్తినప్పుడు, వేరుశనగ పండే అనంతపురం గడ్డ మీద కూడా పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్ ధర చూసి ఆడవాళ్లు నోరెళ్లబెట్టారు. గాజా, సూడాన్, ఉక్రెయిన్... రోజూ ఈ వార్తలు దిద్దే మాకే కొన్ని రాత్రులు పేజీ కట్టబుద్ధి కాదు.

అలాంటి రాత్రుల్లో ఈ మధ్య చదివినవాటిలో ఒక చరిత్ర మాకు ఊపిరి పోసింది. అది ఒంట్లోంచి పురుగు బయటికొచ్చే నారికురుపు జబ్బు చరిత్ర.

యాభై దాటిన సీమవాసులకు ఆ పేరు వింటేనే కాలు జలదరిస్తుంది. దిగుడుబావి మెట్లు దిగి, నీళ్లలో నిలబడి కడవ ముంచుకునే రోజులవి. ఆ నీళ్లలో కంటికి ఆనీ ఆనని నలుసంత ప్రాణి, దాని కడుపులో ఈ పురుగు పిల్ల. తాగినవాళ్లకు ఏడాది దాకా ఏమీ తెలియదు. ఒకనాడు చీలమండ దగ్గర బొబ్బ లేచి నిప్పు పెట్టినట్టు మండుతుంది. బొబ్బ చితికి తెల్లటి దారంలాంటి పురుగు తల బయటపెడుతుంది. రెండు మూరల పొడవు కూడా ఉంటుంది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకింత లాగాలి. తొందరపడి తెగిందా, కాలంతా చీము. విత్తే పదును దాటిపోతుంటే మంచంలో పడి ఆకాశం చూసిన రైతు బాధ ఎవరికి చెప్పుకోవాలి? మంట ఓర్వలేక మళ్లీ బావిలో కాలు పెడితే పురుగు తన పిల్లల్ని లక్షల్లో నీళ్లలోకి వదులుతుంది. ఊరంతటికీ మళ్లీ అదే గతి.

ఈ జబ్బుకు టీకా లేదు, నయం చేసే మందూ లేదు. 1984లో దేశంలో సుమారు 40 వేల మందికి ఉన్నట్టు లెక్క తేలింది. పీడిత ప్రాంతాల్లో మన సీమ జిల్లాలూ ఉన్నాయి. దిగుడుబావుల మెట్లు మూసి చేదబావులు చేశారు. బోరింగులు వేశారు. ఆ నలుసంత ప్రాణి చచ్చేలా బావుల్లో మందు చల్లారు. ఇల్లిల్లూ తిరిగి బిందె మూతికి సన్నటి గుడ్డ కట్టి చూపించారు. కురుపు లేచినవాళ్లను బావిలోకి దిగొద్దని బతిమాలారు. 1996 జులైలో రాజస్థాన్‌లో కనిపించిన కేసే దేశంలో చివరిది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశానికి ఈ జబ్బు లేదని ధ్రువీకరించింది.

మమ్మల్ని ఎక్కువగా కదిలించింది సూడాన్ ఘట్టం. 1995లో అక్కడ అంతర్యుద్ధం. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ వెళ్లి, ఆరోగ్య కార్యకర్తలు పల్లెల్లోకి పోవడానికి రెండు నెలలు తుపాకులు ఆపమని ఇరుపక్షాలనూ అడిగారు. ఒప్పుకున్నారు. పొడిగిస్తూ పోతే ఆ విరామం ఆరు నెలల దగ్గరదాకా నిలిచింది. తర్వాత యుద్ధం మళ్లీ మొదలై మరో పదేళ్ల దాకా సాగింది. అయినా ఆ ఆర్నెల్లలో పంచిన వడపోత గుడ్డలు ఆ ఇళ్లలోనే ఉండిపోయాయి. 1986లో ప్రపంచంలో ఏటా 35 లక్షల మందికి సోకుతుందని అంచనా వేసిన ఈ జబ్బు 2023లో 14 మందికి వచ్చింది.

పని అయిపోయిందని మేం రాయలేం. చాద్‌లో కుక్కలకు ఇదే పురుగు సోకుతోంది. సూడాన్ 2023 ఏప్రిల్ నుంచి మళ్లీ రగులుతోంది. పేద దేశాల ఆరోగ్యానికి డబ్బిచ్చిన అమెరికా సహాయ సంస్థ 2025 జులైలో మూతపడింది, దాని దెబ్బ ఎక్కడెక్కడ తగులుతుందోనని మాకు నిజంగా భయంగా ఉంది. అయినా ఒకరినొకరు చంపుకొంటున్నవాళ్లు కూడా ఒక పురుగు కోసం ఆగారన్న సంగతిని ఏ యుద్ధమూ చెరిపేయలేదు.

మేం అడిగేది ఒకటుంది. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్, తాటాకులు చెదల పాలవుతున్న కాలంలో సొంత డబ్బుతో పండితులను పెట్టి ప్రతులు రాయించాడు. ఆయన బంగళా ఉన్నచోట ఆయన పేరిట నడుస్తున్న గ్రంథాలయం ఇవాళ యోగి వేమన విశ్వవిద్యాలయం చేతుల్లో ఉంది. నారికురుపు మీద ఊరూరా తిరిగిన ఆరోగ్య కార్యకర్తలు, మెట్లు పూడ్చిన కూలీలు ముసలివాళ్లవుతున్నారు. వాళ్ల మాటలను రాయించి అక్కడ భద్రపరచాలి. కర్నూలు, అనంతపురం విశ్వవిద్యాలయాలూ చేయి కలపాలి. విశ్వవిద్యాలయాలు కదిలేలోపు మా వంతుగా మేం మొదలుపెడుతున్నాం. కాలి మీద ఆ మచ్చ ఉన్నవాళ్లు, ఆ రోజుల్లో బిందెలకు గుడ్డ కట్టినవాళ్లు మాకు రాయండి. రాయడం చేతకాకుంటే మనవళ్లతో, మనవరాళ్లతో రాయించండి. ఊరి పేరు, బావి పేరు మరవొద్దు. అచ్చు వేస్తాం.