మూత మీద మూడు బాణాలున్న థర్మాకోల్ డబ్బా గారికి

మహారాజశ్రీ థర్మాకోల్ డబ్బా గారి దివ్య సముఖానికి, నల్లగొండ నుంచి ఒక గృహస్థుడు రాసుకునే విన్నపం.

ఉభయకుశలోపరి. ఇక్కడ నేను, నా స్కూటీ, తమరి వాసనకు మా గేటు ముందు చేరిన గల్లీ పిల్లులు అందరం క్షేమం. తమరు మా డాబా మీద నీళ్ల ట్యాంకు చాటున చల్లగా ఉన్నారని తలుస్తాను.

ఈ మధ్యాహ్నం తమరిని ఒళ్లో పెట్టుకొని ఊరంతా తిప్పిన సంగతి తమరికి తెలిసిందే. ఎత్తితే బరువు లేరు, పట్టుకుంటే చేతికి అందరు. వడగాలి ఒక్కటి కొడితే మూత ఎగిరిపోయి లారీ ముందు పడింది. దాని కోసం నడిరోడ్డు మీద పరిగెత్తిన పెద్దమనిషిని చూసి జనం నవ్వుకున్నారు, అది వేరే విషయం. తిరిగొచ్చి చేతులు కడుక్కున్నా మోచేతికి తమరి తెల్ల పూసలు అంటుకునే ఉన్నాయి. దులిపితే ఈ చేతి నుంచి ఆ చేతికి పోతున్నాయి తప్ప కింద పడటం లేదు.

ముందుగా తమరి గొప్పతనం చెప్పుకోవాలి, లేకపోతే కళ్లు పోతాయి. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో మా చిన్నోడు ఫోన్‌లో ఏదో నొక్కితే, తమరు కడుపునిండా రొయ్యలు పెట్టుకొని మా గుమ్మం ముందు దిగారు. (నాగార్జునసాగర్‌ను జిల్లాలో పెట్టుకొని కూడా మా ఇంటికి రొయ్యలు ఫోన్‌లోనే రావాలి.) మూత తీస్తే ఐసు ఐసులాగే ఉంది. తమరి ఒంట్లో నూటికి తొంభై ఎనిమిది పాళ్లు గాలే, ప్లాస్టిక్కు రెండు పాళ్లే. ఆ గాలిని చిన్నచిన్న గదుల్లో కదలకుండా బంధించారు గనుకే బయటి మంట లోపలికి పోలేదు. గాలి మాటలు అమ్ముకొని బతికేవాళ్లను ఎన్నికలప్పుడు చూస్తూనే ఉంటాం. గాలిని ఇంత పనికొచ్చేలా అమ్మినవారు మాత్రం తమరే. టీకాలు, మందులు పల్లెల దాకా చెడిపోకుండా చేరుతున్నాయంటే అందులో తమరి వంశం పాత్ర ఉంది. ఒప్పుకుంటున్నాను.

టేపు సంగతి ఎత్తను. కొబ్బరికాయలు కొట్టే కత్తి తెచ్చాక గాని ఊడలేదు. మూత జరిపినప్పుడల్లా తమరు చేసే కిర్రు కిర్రు చప్పుడుకు మా అమ్మ పళ్లు జివ్వుమన్నాయని, అవి కట్టుడు పళ్లేనని, అది కూడా ఎత్తను.

నా పేచీ ఆ బాణాలతోనే.

తమరి మూత మీద మూడు బాణాలు ఒకదాని వెనక ఒకటి గుండ్రంగా తిరుగుతున్నాయి. నడుమ ఆరో అంకె. కింద పచ్చ రంగులో ఆకు బొమ్మ, రీసైకిల్ చేయవచ్చు, చెత్తలో పారేయకండి అని విజ్ఞప్తి. చెప్పినట్టే చేశాను, పారేయలేదు. తర్వాత ఎవరికివ్వాలో మాత్రం మూత మీద, అడుగున, నాలుగు పక్కలా, ఎక్కడా లేదు.

పొద్దున్నే చెత్త బండి ఆమెను అడిగాను. పొడి చెత్తే కదమ్మా అన్నాను. ‘‘పొడిదేనన్నా, కాదంటలేను. గిది ఏస్తే సగం బండి నిండుతది. ఎనక గల్లీలోల్ల చెత్త నా నెత్తిన పెట్టుకోవాల్నా?’’ అంది. న్యాయంగానే అంది.

పాత సామాన్ల దుకాణానికి తీసుకుపోయాను. ఆయన మర్యాదస్తుడు, తమరిని కాంట మీద కూర్చోబెట్టాడు. తమరి బరువుకు ఎన్ని పైసలు వస్తాయో చూసి ఆయనకు నవ్వాగలేదు. ‘‘సారూ, ఇనుము తే, అట్టలు తే, బీరు సీసలు తే, ఆఖరికి తలెంట్రుకలు తెచ్చినా కొంట. గాలిని ఎట్ల కొనాలె?’’

తర్వాత నాకు కుర్చీ వేసి లెక్క చెప్పాడు. ఘనమీటరు జాగాలో నీళ్లయితే వెయ్యి కిలోలు పడతాయి. అదే జాగాలో థర్మాకోల్ పదిహేను కిలోలో, మహా అయితే ముప్పై కిలోలో. అదీ సందు లేకుండా నింపితే. తమరేమో ఖాళీ డబ్బా, లోపలంతా బోలు. ట్రాలీ ఆటో గుట్టలా నింపి వంద కిలోమీటర్ల అవతలి హైదరాబాద్‌కు పంపితే వచ్చే పైసలు డీజిల్‌కే చాలవు. గాలి పిండేసి గట్టి దిమ్మలుగా నొక్కే యంత్రాలున్నాయి. ఆ దిమ్మలు కరిగించి ఫొటో ఫ్రేములు చేస్తారు. అంటే తమరికి పునర్జన్మ ఉన్నమాట నిజమే. కాకపోతే యంత్రం దగ్గరుండాలి, తమలాంటివారు గుట్టలుగా ఒక్కచోట దొరకాలి, ఒంటికి కంపు, నూనె, మసాలా అంటకూడదు. రొయ్యల నీళ్లు తాగి మా గల్లీలో ఏకాకిగా దిగిన తమరికి ఆ యోగం ఎక్కడిది?

ఇంటికొచ్చి ఆ బాణాల నడుమ అంకె పుట్టుక చదివాను. 1988లో అమెరికా ప్లాస్టిక్ పరిశ్రమ వాళ్లు పెట్టుకున్న గుర్తులట. ఏది ఏ రకం ప్లాస్టిక్కో ఏరుకోవడానికి. ఆరు అంటే పాలీస్టైరీన్, థర్మాకోల్ చేసే ప్లాస్టిక్కు, అంతే సంగతి. నిన్ను ఎవరో తీసుకుపోతారని, మళ్లీ పనికొస్తావని అందులో హామీ ఏమీ లేదు. జనం పొరబడుతున్నారని 2013లో అక్కడి ప్రమాణాల సంస్థే బాణాలు తీసేసి ఉత్త ముక్కోణం పెట్టుకొమ్మన్నది. మరి నీ మూత మీద ఇంకా తిరుగుతనే ఉన్నయేంది? పక్కన పచ్చ ఆకు ఒకటి!

ఇగ మర్యాద నాతోని కాదు.

నీ కంపెనీకి ఫోన్ చేసిన. పాట ఇనిపించిన్రు, మళ్ల పాట ఇనిపించిన్రు. ఆఖరుకు ఒక అమ్మాయి, ‘‘సార్, డబ్బా వాపస్ తీసుకునే ఆప్షన్ లేదు సార్, రొయ్యలు బాగున్నాయా సార్’’ అన్నది. ఆ పిల్లదేం తప్పు? కానీ 2022 ఫిబ్రవరి 16 నాడు వచ్చిన నియమాలున్నయి కదా, ప్లాస్టిక్ ప్యాకింగ్ మార్కెట్ల వదిలినోళ్లే దాని బాధ్యత చూడాలని. చూస్తరు, కాయితం మీద. ఎక్కడనో ఎవరో రీసైకిల్ చేసిన ప్లాస్టిక్కుకు సర్టిఫికెట్ కొనుక్కున్నా లెక్క కుదురుతది. నీ లెక్క గూడ అట్లనే కుదిరిపోయిందేమో. నువ్వు మాత్రం మా డాబా మీదనే ఉన్నవ్.

నీ సుట్టాల గతేమైందో యాదికున్నదా? ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, మండపాలకు అంటించే థర్మాకోల్ అలంకారం అన్నిటినీ 2022 జూలై 1 నుంచి దేశమంత బందు పెట్టిన్రు. నువ్వు ప్యాకింగ్ అని చెప్పి పక్కకు జరిగినవ్.

మా ఇంటామె కొత్తిమీర ఏద్దామంటది. పోయినేడు గట్లనే ఇంకో డబ్బాల పుదీన ఏసింది. ఎండకు అది పెళుసై, ఏలుతో ముట్టుకుంటే పూసలు రాలినయి. ఊడిస్తే చీపురుకు అంటుకుంటయి, నీళ్లు కొడితే తేలుతయి, వాన పడితే మోరీల పడి ఏ చెరువు దాకనో పోతయి. కాల్చేద్దామంటే నల్లటి మసి పొగ, పక్కింటోళ్లతో పంచాది.

మా చిన్నప్పుడు ఐసు రాలేదా ఊర్లకు? గడ్డను ఊకల పూడ్చి, మీద గోనె సంచి కప్పి బండి మీద తెచ్చేటోళ్లు. ఊకల గూడ ఉండేది నిలబడ్డ గాలే. నీ అంత సేపు ఆపకపోవచ్చు, కానీ బజారు నుంచి లగ్గం పందిరి దాకా ఆపేది. పని ఒడిసినంక ఊక పెంటదిబ్బల కలిసేది, సంచి దులిపి మళ్ల వాడుకునేటోళ్లు. మిర్యాలగూడ మిల్లుల పొంట ఇప్పటికీ ఊక గుట్టలే. ఆ ఊక మీద ఏ బాణం లేకుండె, ఏ ఆకు లేకుండె.

ఇంకో ముచ్చట చెప్త విను. నువ్వు దిగిన ఊరు నల్లగొండ, బత్తాయిల జిల్లా. బత్తాయి తొక్కల లిమోనీన్ అనే నూనె ఉంటది. అది పాలీస్టైరీన్‌ను కరిగిస్తది. జపాన్ల సోనీ కంపెనీ నారింజ తొక్కల నుంచి వచ్చే గా నూనెతోనే థర్మాకోల్‌ను కరిగించి రీసైకిల్ చేసే పద్ధతి తయారు చేసింది. మా దగ్గర జ్యూస్ బండ్ల కాడ తొక్కలు బుట్టలకు బుట్టలు ఊరికెనే పారేస్తరు.

పొద్దుగూకంగ డాబా ఎక్కి, తొక్క మడిచి నీ మూత మీద ఒక బాణం మొన కాడ పిండిన. గుంత పడ్డది. ఇంకా రెండున్నయి.

ఇట్లు,
బత్తాయిలు కిలోల కొద్ది కొనుక్కొచ్చిన
మీ గృహస్థుడు