యాంటీబాడీ 250 దాటితే కోవిడ్ రాదట! అంత సీన్ లేదు

వాట్సాప్‌లో చేతులు మారుతున్న ఆ మెసేజ్ సారాంశం ఇదీ: కోవిడ్ తగ్గాకో, టీకా వేయించుకున్నాకో యాంటీబాడీ టెస్ట్ (వైరస్‌కి అతుక్కునేలా ఒంట్లో తయారయ్యే ప్రొటీన్లను రక్తంలో కొలిచేది) చేయించుకోండి, 250 దాటితే ఇక భయం లేదు, ఎవరి నంబర్ పెద్దదైతే వాళ్ల ఇమ్యూనిటీ అంత గట్టిది, నంబర్ పడిపోతే రక్షణ పోయినట్టే, నెగెటివ్ అయితే కోవిడ్ రానట్టు లేదా టీకా పనిచేయనట్టు, ఐజీఎం (ఇన్ఫెక్షన్ మొదట్లో వచ్చే యాంటీబాడీ రకం) పాజిటివ్ అయితే ఇంకా అంటిస్తున్నట్టు. చివర్లో "మీ నంబర్ రాసి పది మందికి పంపండి" అని కొసమెరుపు. సగం నిజం కలిసింది కాబట్టే ఇంతమంది నమ్ముతున్నారు.

"250 దాటితే సేఫ్."

ఈ 250 ఎక్కడిదో తెలిస్తే నవ్వొస్తుంది. వైరస్ పైనుండే ముళ్లలాంటి ప్రొటీన్‌ని స్పైక్ అంటారు. రోష్ కంపెనీ స్పైక్ యాంటీబాడీ కిట్‌తో మెషీన్ నేరుగా కొలవగలిగింది 250 యూనిట్ల వరకే. అంతకు మించి ఉంటే శాంపిల్‌ని పలచన చేసి మళ్లీ కొలవాలి, ఆ పని చేయని ల్యాబ్ "250 కంటే ఎక్కువ" అని రాసి ఇచ్చేస్తుంది. అంటే కొలిచే గిన్నె నిండిందని అర్థం, అంతే. దాన్ని పట్టుకుని వైరస్ ఆగిపోయే గీత అనేశారు!

యాంటీబాడీలు ఎక్కువున్న వాళ్లలో ఇన్ఫెక్షన్లు తక్కువ అన్నది మాత్రం అబద్ధం కాదు. 2021లో టీకా ట్రయల్స్‌ని పోల్చి చూసినప్పుడు, వైరస్‌ని అడ్డుకునే న్యూట్రలైజింగ్ యాంటీబాడీల స్థాయికీ రక్షణకీ గట్టి సంబంధమే కనిపించింది. కానీ అది గుంపుల మీద తేలిన లెక్క, ఫలానా మనిషికి ఫలానా నంబర్ చాలు అని దాని నుంచి తీయలేం. పైగా మామూలు ల్యాబ్ టెస్ట్ స్పైక్‌కి అతుక్కునే యాంటీబాడీలన్నిటినీ లెక్కపెడుతుంది, వాటిలో ఎన్ని వైరస్‌ని నిజంగా ఆపుతాయో చూడదు. ఇంకో సంగతి, ఆ కిట్లలో వాడింది 2020 నాటి తొలి వైరస్ స్పైక్. 2021 నవంబర్‌లో ఒమిక్రాన్ బయటపడ్డాక, కాగితం మీద అదే నంబర్ ఉన్నవాళ్ల రక్తం కూడా కొత్త వైరస్‌ని ఆపడంలో బాగా వెనకబడింది. టీకా తర్వాత ఇమ్యూనిటీ ఎంతుందో తేల్చడానికి ఈ టెస్టుల మీద ఆధారపడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021 మే నెలలోనే చెప్పింది, కానీ ఆ మాట ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు.

"పెద్ద నంబర్ అంటే గట్టి ఇమ్యూనిటీ."

ఒకే రక్తాన్ని రెండు కంపెనీల కిట్లతో కొలిస్తే రెండు నంబర్లు వస్తాయి. రోష్ కిట్‌లో పాజిటివ్ గీత (ఇది దాటితే పాజిటివ్) 0.8, అబాట్ ఐజీజీ క్వాంట్ కిట్‌లో 50. మీ రిపోర్ట్‌లో 60 ఉంటే మొదటి కిట్‌లో అది గీతకి 75 రెట్లు, రెండో కిట్‌లో ఇప్పుడే గీత దాటారు. ఈ గందరగోళం తగ్గించడానికే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 డిసెంబర్‌లో ఒక ప్రామాణిక నమూనా తెచ్చింది, దాని కొలతకి బీఏయూ అని పేరు. అబాట్ నంబర్‌ని 0.142తో గుణిస్తే బీఏయూ వస్తుంది, రోష్‌ది దాదాపు అలాగే ఉంటుంది. కాబట్టి అబాట్ రిపోర్ట్‌లో 700 అని చూసి మురిసిపోయే మనిషికీ, రోష్ రిపోర్ట్‌లో 100 అని టెన్షన్ పడే మనిషికీ ఉన్నది దాదాపు ఒకటే! అలా మార్చుకున్నా కిట్‌కీ కిట్‌కీ పూర్తిగా పొంతన కుదరదు. ఇంకా విచిత్రం ఏంటంటే, జబ్బు ముదిరి ఆసుపత్రిలో పడ్డవాళ్లకే సాధారణంగా యాంటీబాడీలు ఎక్కువ ఉంటాయి, దగ్గుతో సరిపెట్టుకున్నవాళ్లకి తక్కువ.

"నంబర్ పడితే రక్షణ పోయినట్టే."

పడకపోతేనే ఆశ్చర్యం. ఐజీజీ అంటే రక్తంలో ఎక్కువగా ఉండే యాంటీబాడీ రకం, అది మూడు వారాలకు సగమవుతుంది, ఇన్ఫెక్షన్ వేడిలో పుట్టిన, యాంటీబాడీలు తయారుచేసే కణాల్లో చాలావరకు కొద్దికాలంలోనే చనిపోతాయి, అందుకే మొదట వేగంగా పడి తర్వాత నెమ్మదిస్తుంది. అడుగున మిగిలేది వేరే. తేలికపాటి కోవిడ్ వచ్చినవాళ్ల ఎముక మజ్జని 7, 11 నెలల తర్వాత పరీక్షిస్తే, చాలామందిలో స్పైక్ యాంటీబాడీలు తయారుచేసే కణాలు అక్కడ కనిపించాయి, అది 2021లో వచ్చిన అధ్యయనం. వైరస్‌ని గుర్తుపెట్టుకుని మళ్లీ వస్తే యాంటీబాడీలు తయారుచేయించే మెమరీ బీ కణాలైతే మొదటి నెలల్లో తగ్గకపోగా పెరిగాయి. వైరస్ సోకిన కణాలను చంపే టీ కణాల సంగతి ఈ టెస్ట్‌కి తెలియనే తెలియదు. అలాగని నంబర్ పడినా ఏమీ కాదని చెప్పడం లేదు, మళ్లీ సోకకుండా ఆపే శక్తి తగ్గుతుంది, కానీ జబ్బు ముదరకుండా కాపాడే శక్తి అంత త్వరగా పోదు. ఈ రెండిటినీ ఒకటే అనుకోవడంతోనే సగం భయం.

"నెగెటివ్ అంటే రాలేదు, లేదా టీకా దండగ."

ఏ యాంటీబాడీకి టెస్ట్ చేశారో ముందు రిపోర్ట్‌లో చూడండి. స్పైక్ ఒకటి, వైరస్ లోపలి న్యూక్లియోక్యాప్సిడ్ ఇంకొకటి. ఫైజర్, మోడెర్నా, ఆస్ట్రాజెనెకా టీకాల్లో స్పైక్ సమాచారం మాత్రమే ఉంటుంది, కోవిడ్ సోకనివాళ్లు అవి వేయించుకుని న్యూక్లియోక్యాప్సిడ్ టెస్ట్ చేయిస్తే నెగెటివ్ రావడమే సరైన జవాబు. కోవాగ్జిన్, సైనోఫార్మ్ లాంటివి చంపిన పూర్తి వైరస్‌తో చేసినవి కాబట్టి వాటి లెక్క వేరు, న్యూక్లియోక్యాప్సిడ్ పాజిటివ్ కూడా రావచ్చు. ఇక తొందరపడి మొదటి వారంలోనే టెస్ట్ చేయించినా నెగెటివ్ రావచ్చు, యాంటీబాడీలు కనబడడానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. అవయవ మార్పిడి చేయించుకుని ఇమ్యూనిటీని తగ్గించే మందులు వాడేవాళ్లు, రిటుక్సిమాబ్ (బీ కణాలను తగ్గించే మందు) తీసుకునేవాళ్లు మాత్రం నెగెటివ్‌ని కొట్టిపారేయకుండా డాక్టర్‌తో మాట్లాడాలి.

పాజిటివ్‌ని కూడా కళ్లు మూసుకుని నమ్మకండి. 10,000 మందిలో 100 మందికే సోకిందనుకోండి. సోకనివాళ్లలో 99 శాతం మందికి సరిగ్గా నెగెటివ్ చెప్పే టెస్ట్ కూడా మిగతా 9,900 మందిలో 99 మందికి ఉత్తుత్తి పాజిటివ్ ఇస్తుంది, అంటే సోకిన 100 మందికీ సరిగ్గా పాజిటివ్ వచ్చినా, దాదాపు ప్రతి రెండు పాజిటివ్‌లలో ఒకటి తప్పు.

"ఐజీఎం ఉంటే అంటిస్తున్నట్టు" అన్నదానికి పెద్ద జవాబు అక్కర్లేదు. ఐజీఎం వారాలు, ఒక్కోసారి నెలలు ఉండిపోతుంది. ఇప్పుడు వైరస్ ఉందా అన్నది ముక్కులో స్వాబ్ పెట్టి చూడాలి.

ఇక ఆ "మీ నంబర్ రాసి పంపండి" సంగతి. సరే, పంపండి. పక్కన కిట్ పేరు, యూనిట్, స్పైక్‌కా న్యూక్లియోక్యాప్సిడ్‌కా, ఏ టీకా, జబ్బు వచ్చి ఎన్ని రోజులైంది, ఇవన్నీ కూడా రాయండి.