ఎక్కడికి వెళ్లొద్దాం?

మనిషి అలవోకగా అబద్ధమాడే సందర్భాలు చెప్పమంటే ఉద్యోగం ఇంటర్వ్యూ అంటారు, డాక్టరు ముందు కూర్చున్నప్పుడు అంటారు, "దారిలోనే ఉన్నా, ఐదు నిమిషాల్లో అక్కడుంటా" అనే ఫోన్ కాల్ అంటారు. "మీరు ఎలాంటి యాత్రికులు?" అని అడిగే ప్రశ్నపత్రాన్ని మాత్రం ఎవరూ ఈ లెక్కలో వేయలేదు. ఈ అన్యాయాన్ని సరిదిద్దే బాధ్యత ఇప్పుడు నా మీద పడింది.

ఈ మధ్య అలాంటి ప్రశ్నపత్రం ఒకటి నింపాను. సెలవులకి ఎక్కడికి వెళ్లాలో తేలాలంటే ముందు మన స్వభావం తేలాలట. సబబుగానే అనిపించింది. పొద్దున్నే లేస్తారా? లేస్తాను. నడక ఇష్టమా? ప్రాణం. జనం రద్దీ? అస్సలు పడదు. సదుపాయాలు లేకపోతే సర్దుకుంటారా? సర్దుకోవడమే నా జీవితం. పది ప్రశ్నలకీ చెయ్యి వణక్కుండా జవాబులు పెట్టాను. ఫలితం వచ్చింది: "మీరు పుట్టు సాహసి. మీకు తగిన చోటు పటగోనియా."

దక్షిణ అమెరికా కొసన, గాలి లేచిందంటే మనిషి నిలదొక్కుకోవడమే కష్టమయ్యే ఆ ప్రదేశం పేరు చదవగానే ఛాతీ రెండంగుళాలు పెరిగింది. మా ఆవిడకి చెప్పాను. ఆవిడ నన్ను ఒకసారి చూసింది, నాకు నాలుగడుగుల దూరంలో బల్ల మీదున్న టీవీ రిమోట్‌ని ఒకసారి చూసింది.

"లేచి అది అందుకోలేక అరగంట నుంచి నచ్చని ప్రోగ్రామే చూస్తున్నారు. మీకు పటగోనియా ఏంటండీ?"

అక్కడే నాకు జ్ఞానోదయమైంది. నిందితుడి మాట ఒక్కటే విని ఏ కోర్టూ తీర్పు చెప్పదు. మరి ఎక్కడికి వెళ్లాలి, ఎంత దూరం నడవాలి, ఏ గుడారంలో పడుకోవాలి అన్న తీర్పులన్నీ నిందితుడి వాంగ్మూలం మీదే ఎలా నడుస్తున్నాయి? అందుకని నా ప్రతిపాదన ఇది. ఇకమీదట ప్రయాణ స్వభావం గురించిన ప్రశ్నపత్రాన్ని ప్రయాణం చేసే మనిషి చేతికి ఇవ్వకూడదు. అతనితో ఇంతకుముందు కనీసం ఒక ప్రయాణం చేసి ప్రాణాలతో బయటపడ్డ మనిషి దాన్ని నింపాలి, కింద సంతకం పెట్టాలి.

దీనికి శాస్త్రం అడ్డొస్తుందేమోనని వెతికి చూశాను. ఈ స్వభావాల గొడవకి ఘనమైన చరిత్రే ఉంది. అమెరికాలో స్టాన్లీ ప్లాగ్ అనే పరిశోధకుడు 1960ల చివర్లో విమానయాన సంస్థల కోసం ఒక ప్రశ్న పట్టుకున్నాడు: చేతిలో డబ్బుండి కూడా కొందరు విమానం ఎందుకెక్కరు? దాన్ని తవ్వుతూ పోయి మనుషుల్ని ఒక వరుసలో నిలబెట్టాడు. ఆ చివర తెలిసిన చోటు, తెలిసిన గది, తెలిసిన దిండు ఉంటే తప్ప కదలనివాళ్లు. ఈ చివర ఎవరూ చూడనిదే కావాలనేవాళ్లు. మధ్యలో మిగతా లోకమంతా. 1974లో అచ్చయిన వ్యాసంలో ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. కొత్త చోటుకి ముందు సాహసులు వెళ్తారు, వచ్చి ఊరంతా చెప్తారు. విని మధ్యవాళ్లు బయల్దేరతారు. వాళ్ల కోసం హోటళ్లు, బస్సులు, బోర్డులు వస్తాయి. అది చూసి సాహసులు మూతి విరుచుకుంటూ ఇంకో చోటు వెతుక్కుంటారు. ఆఖరికి ఆ చోటు అచ్చం ఇంట్లో ఉన్నట్టే తయారయ్యాక, ఇల్లు కదలనివాళ్లు కూడా ధైర్యంగా వస్తారు.

అంటే సాహసి ఎవరయ్యా అంటే, గుంపుకి పదేళ్ల ముందు నడిచేవాడు. అంతకంటే తేడా ఏమీ లేదు.

నమ్మకపోతే నార్వేలో ట్రోల్‌టుంగా అనే రాతిపలక సంగతి చూడండి. సరస్సుకి దాదాపు 700 మీటర్ల ఎత్తున, కొండలోంచి నాలుక చాపినట్టు గాల్లోకి పొడుచుకొచ్చి ఉంటుంది. ఆ నాలుక కొసన ఒక్క మనిషి, చుట్టూ ఆకాశం, కింద నీలం నీళ్లు. ఈ ఫొటో చూడని వాళ్లుండరు. ఏకాంతమంటే అదీ అనిపిస్తుంది. 2010లో ఏడాది మొత్తం మీద అక్కడికి వెళ్లినవాళ్లు సుమారు 800 మంది. 2016 నాటికి అది 80,000 దాటే దాకా వచ్చింది. వెళ్లి రావడానికి 27 కిలోమీటర్ల నడక, ఎనిమిది నుంచి పన్నెండు గంటలు. ఇంతా నడిచి పైకి వెళ్లినవాళ్లు అక్కడ చేసే పని క్యూలో నిలబడడం. ఏకాంతం కోసం క్యూ! ముందున్నవాడి ఏకాంతం అయిపోయాక మన ఏకాంతం మొదలవుతుంది. అది కాస్త ఎక్కువసేపు సాగితే వెనకవాళ్లు దగ్గుతారు.

నేను వాళ్లని తప్పు పట్టడం లేదు, 27 కిలోమీటర్లు నడిచినవాళ్ల మీద నాకు భయంతో కూడిన గౌరవం ఉంది. నేను కోరేదల్లా కెమెరాని ఒక్కసారి వెనక్కి తిప్పమని. "నాకు రద్దీ పడదు" అని ప్రశ్నపత్రంలో రాసినవాళ్లందరూ ఒకే ఫ్రేములో దొరుకుతారు. దూరపు కొండలు నునుపు అన్న పెద్దలకి ఫొటో ఫిల్టర్ల సంగతి ముందే తెలిసినట్టుంది.

ఇక కళాప్రియులు. "మేం ఊళ్లు చూడం, సంస్కృతి చూస్తాం" అనేవాళ్లు. వీళ్లు పారిస్ వెళ్లి లూవ్ర్ మ్యూజియంలో మోనాలిసా ముందు చేరతారు. ఆవిడ పరిమాణం 77 సెంటీమీటర్లకి 53. ముందు గుండు దూసుకుపోని అద్దం, దాని ముందు కటకటాలు, వాటి ముందు కొన్ని వందల ఫోన్లు. వెనక వరసలో ఉన్నవాళ్లు మోనాలిసాని ముందువాడి ఫోన్ తెరమీద చూస్తారు. అదే గదిలో ఎదురు గోడకి వెరొనేసే వేసిన పెళ్లివిందు చిత్రం ఉంది. దాదాపు పది మీటర్ల వెడల్పు, ఆ మ్యూజియంలో ఉన్న చిత్రాలన్నిటిలోకీ పెద్దది. దానివైపు వీపులు తిప్పి జనం మోనాలిసాతో సెల్ఫీ దిగుతుంటారు. అన్నట్టు ఆ పెద్ద చిత్రాన్ని 1797లో నెపోలియన్ సేనలు వెనిస్ నుంచి ఎత్తుకొచ్చాయి. ప్రయాణానికి గుర్తుగా ఏదో ఒకటి తెచ్చుకునే అలవాటు కొందరికి మరీ ఎక్కువ.

అయినా ఈ శాఖలో నన్ను కదిలించిన ఘట్టం వేరే ఉంది. 1911 ఆగస్టులో మోనాలిసాని ఎవరో కొట్టేశారు. రెండేళ్లకి పైగా దొరకలేదు. మ్యూజియం తిరిగి తెరిచాక జనం బారులు తీరి వచ్చారు. దేనికి? చిత్రం ఉండాల్సిన చోట ఖాళీ గోడనీ, దానికున్న మేకుల్నీ చూడ్డానికి. ఈ విషయం చదివినప్పుడు నాకు వెక్కిరింపు రాలేదు, నిజం చెప్తున్నా, కాస్త సిగ్గేసింది. మొదటి రోజుల్లో నేనూ అక్కడుంటే కచ్చితంగా వెళ్లేవాణ్ణి. మేకులు ఫలానా కోణంలో కొట్టారని వచ్చి అందరికీ చెప్పేవాణ్ణి.

ప్రశ్నపత్రాలన్నీ మనసునే అడుగుతాయి, శరీరాన్ని ఒక్కరూ అడగరు. మనసు "మచుపిచ్చు" అంటుంది. పెరూ దేశపు కొండల్లో ఆ శిథిల నగరం ఉన్నది 2,430 మీటర్ల ఎత్తున. దానికి వెళ్లే దారిలో దిగే కుస్కో నగరమేమో సుమారు 3,400 మీటర్లు. చూడబోయే కొండకంటే బస చేసే ఊరే ఎత్తు! ఒక రోజు మిగుల్చుకుందామని సముద్రమట్టం నుంచి తిన్నగా అక్కడ దిగినవాడికి ఆ రోజంతా తలనొప్పి, వాంతులు, హోటల్ గది పైకప్పు దర్శనం. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే ఎత్తుని రోజుకి 500 మీటర్లకి మించి పెంచకండని కొండలెక్కేవాళ్లకి డాక్టర్లు చెప్తారు. మనసుకి ఈ లెక్కలు పట్టవు. అలాగే తూర్పుకి దూరం వెళ్తే పడమటికి వెళ్లినదానికంటే ఎక్కువ కష్టమట. మన ఒంట్లో గడియారం 24 గంటలకంటే కొంచెం నిదానంగా తిరుగుతుంది కాబట్టి, దానికి రోజుని సాగదీయడం సులువు, కుదించడం కష్టం. ఇది తెలిశాక నా మీద నాకు గౌరవం పెరిగింది. పొద్దున్నే లేవలేకపోవడం బద్ధకం కాదు, నా ఒళ్లు పడమటి దిక్కుది.

మా ఆవిడ ఒప్పుకోలేదు. ప్రతిపాదన చేసిందే నేను కాబట్టి, మొదటి వాంగ్మూలం నా మీదే ఇస్తానంది. ఇచ్చింది.

సూర్యోదయం చూస్తానని ఈయన మూడు ఊళ్లలో అలారం పెట్టారు. మూడు చోట్లా సూర్యుడు వచ్చాడు, ఈయన రాలేదు. "ఊరికే అలా నడిచొద్దాం" అన్నారంటే ఆ దారిలో ఎక్కడో కుర్చీ కనిపించిందని అర్థం. మ్యూజియాల్లో ఈయన అన్నిటికంటే శ్రద్ధగా పరిశీలించేవి బెంచీలు. తక్కువ సామానుతో తిరగడం నా పద్ధతి అని గొప్పలు పోతారు, ఆ పద్ధతికి కావాల్సిన చార్జర్లు, మందులు, రెండో చెప్పుల జత నా బ్యాగులో ఉంటాయి. దారి తప్పితే అడగరు. తప్పిన దారినే "ఇది టూరిస్టులకి తెలియని రూట్" అంటారు. ఒక చోట గదిలో వేడినీళ్లు రాలేదని నాలుగు గంటలు రిసెప్షన్ దగ్గర వాదించిన మనిషే, సదుపాయాలు లేకపోయినా సర్దుకుంటానని రాశారు.

సాక్షిని ప్రశ్నించే హక్కు నాకూ ఉంది కదా. "నీ సంగతేంటి? నీకు ఎలాంటి చోటు కావాలి?" అన్నాను.

"నాకు ఎక్కడైనా పర్లేదు."

ప్రయాణాల చరిత్రలో ఇంతకంటే ప్రమాదకరమైన వాక్యం లేదు. ఎవరెస్టు ఎక్కుతాననేవాడితో వేగొచ్చు. ఎక్కడైనా పర్లేదనే మనిషికి చోటు చూపించాలంటే మాత్రం పదకొండు పేర్లు చెప్పాలి, పదకొండూ వీగిపోవాలి. సముద్రమంటే ఉక్క, కొండలంటే మెలికల రోడ్లు, నగరమంటే ఈ మాత్రం దానికి అంత దూరమా, అడవంటే పురుగులు. పన్నెండోది వినకముందే "మీ ఇష్టమండీ" అని లేచిపోతుంది. తీరా ఎక్కడికో బయల్దేరి సగం దారి వెళ్లాక గ్యాస్ కట్టేశామా అని అడుగుతుంది. ఇదంతా నేను రాతపూర్వకంగా ఇచ్చాను. ఆవిడ చదివి, రెండు అక్షరదోషాలు దిద్ది, తిరిగిచ్చింది.

స్వభావాలు మనుషులకేనా, ఊళ్లకి ఉండవా? ఆస్ట్రియాలో హాల్‌స్టాట్ అని సరస్సు ఒడ్డున చిన్న ఊరుంది. ఉండేది 800 మంది కూడా కాదు. రద్దీ రోజుల్లో పదివేల మంది దాకా వచ్చి పడతారు. 2023లో విసిగిపోయి, అందరూ సెల్ఫీ తీసుకునే చోట ఊళ్లోవాళ్లు చెక్క కంచె కట్టారు. గోల లేచాక తీసేశారు. అదే ఊరికి నకలుగా చైనాలో 2012లోనే ఇంకో ఊరు కట్టేశారు. అప్పుడు చాలామంది నవ్వారు గానీ, ఇందులో ఎంత దూరదృష్టి ఉందో నాకిప్పుడు అర్థమవుతోంది. ఫొటో ఒక్కటి చాలనుకునేవాళ్లని నకలుకి పంపించాలి. అసలుకి వెళ్తానన్నవాడు, అక్కడున్న మూడు రోజులూ ఫోన్ ఇంట్లో వదిలేస్తానని రాసివ్వాలి. నేను ఏ ఊరికి దరఖాస్తు పెడతానని అడక్కండి.

ఇక ఈ మొత్తం వ్యవహారంలో నాకు కొండంత అండ దొరికింది నెదర్లాండ్స్‌లో. అక్కడ 1,530 మందిని పరిశీలించి 2010లో ఒక అధ్యయనం అచ్చువేశారు. సెలవులకి వెళ్లబోయేవాళ్లు, వెళ్లనివాళ్లకంటే సంతోషంగా ఉన్నారు. ఎప్పుడు? వెళ్లకముందు! తిరిగొచ్చాక ఇద్దరికీ పెద్దగా తేడా లేదు. ప్రయాణం బాగా ప్రశాంతంగా గడిచిందన్న కొద్దిమందికి మాత్రం ఆ హాయి ఇంకొన్నాళ్లు నిలిచింది. నేనైతే దీన్ని ఒకటే రకంగా చదువుకున్నాను: అన్ని ఏర్పాట్లూ చేసుకుని, టికెట్లు మాత్రం కొనకపోతే, నష్టం లేకుండా లాభమంతా మనదే.

ఈ దారిలో నాకు గురువు కూడా ఉన్నాడు. జేవియర్ ద మెస్త్ర్ అనే సైనికాధికారి 1790లో ద్వంద్వయుద్ధం చేసినందుకు, ట్యూరిన్ నగరంలో 42 రోజులు గది దాటకూడదని శిక్ష వేశారు. ఆయన ఆ గదిలోనే యాత్రకి బయల్దేరాడు. మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి గోడమీది బొమ్మలకి. ఆ యాత్ర గురించి ఏకంగా పుస్తకమే రాశాడు. సామాను పోలేదు, బస్సు తప్పిపోలేదు, ఎత్తుకి తల తిరగలేదు.

ఇదంతా విన్నాక మా ఆవిడ ఒకటే అడిగింది. "మనం వెళ్లినవాటిల్లో మీకు బాగా గుర్తున్నది ఏది?"

ఆలోచించాను. ఏదో కొండ ప్రాంతంలో వ్యూ పాయింటుకి వెళ్లాల్సిన రోజు పొద్దున్నుంచీ వాన. జీపు రానంది. సాయంత్రం దాకా బస ముందు వరండాలో కూర్చున్నాం. చూడ్డానికి వచ్చిన లోయ మబ్బులో మునిగిపోయింది. కుక్క ఒకటి వచ్చి మా కాళ్ల దగ్గర పడుకుంది. ఫొటో ఒక్కటీ లేదు. ఇద్దరం ఒకేసారి అదే చెప్పాం. ఈ సమాధానం పెట్టడానికి ప్రశ్నపత్రంలో గడి లేదు.

"సరే, అయితే ఈసారి ఎక్కడికి వెళ్లొద్దాం?" అంది.

వెళ్లి వద్దాం అని దాని అర్థం. నా చెవికి మాత్రం "వెళ్లొద్దు" దాకానే వినిపించింది.

"పటగోనియాకే" అన్నాను, కుర్చీలో వెనక్కి వాలుతూ.

"ముందు లేచి ఆ రిమోట్ అందుకోండి. అది అయ్యాక చూద్దాం."