శాలువా కప్పితే చెక్కు రాలుతుందా?

దాత ఇదివరకు ఎవరికిచ్చాడు, దేనికిచ్చాడు, ఎంతిచ్చాడు అని చస్తే ఆరా తీయకూడదు. మా తిరుపతిలో విరాళాల శాస్త్రానికి ఇదే మొదటి సూత్రం. 300 రూపాయల దర్శనం టికెట్ కోసం ఏ రోజు, ఏ గంట ఖాళీ ఉందో ఫోన్లో కళ్లు కాయలు కాచేలా వెతికే ఊరు ఇది. లక్షలిచ్చే కంపెనీ గురించి మాత్రం వెతకడం నామోషీ.

నేను పేరుకు సభ్యుడిగా ఉన్న ఒక సేవాసంస్థ అధ్యక్షులవారు ఈ శాస్త్రంలో దిట్ట. పోయిన నెల శ్రీసిటీలో ఒక కంపెనీకి మమ్మల్ని వెంటేసుకెళ్లారు. రెండు లడ్డూలు, స్వామివారి పటం, ఒక శాలువా, స్పైరల్ బైండింగ్ చేసిన నలభై పేజీల ప్రపోజల్. గేటు దగ్గర ఒక లడ్డూ, రిసెప్షన్లో ఒకటి. అంతలో లోపల్నుంచి టక్ చేసుకున్న పెద్దమనిషి ఒకాయన వస్తే, అధ్యక్షులవారు లేచి శాలువా కప్పి, చేయి పట్టుకుని ఫొటో దిగారు. ఆయన ఏసీ బాగుచేయడానికొచ్చిన మనిషి. కప్పింది వెనక్కెలా అడుగుతాం? అసలు మేనేజరు వచ్చేసరికి పటం ఒక్కటే మిగిలింది.

ఆయన ప్రపోజల్ తెరిచి, మొదటి పేజీ మీద వేలు పెట్టాడు. అక్కడున్నది వేరే కంపెనీ పేరు. "మేం స్కూళ్లకు తాగునీళ్లు, మరుగుదొడ్లకే ఇస్తాం సార్, మా వెబ్‌సైట్లో ఉంది" అన్నాడు.

ఉంటుంది మరి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కిందికొచ్చే కంపెనీ మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఇలాంటి సేవాపనులకు ఖర్చు పెట్టాలి (కంపెనీల సామాజిక బాధ్యత, పొట్టిగా సీఎస్ఆర్ అంటారు), వెబ్‌సైట్ ఉంటే ఒప్పుకున్న ప్రాజెక్టులు అందులో పెట్టాలి. ఏ కంపెనీ ఏ రాష్ట్రంలో దేనికెంత పెట్టిందో కేంద్రం వారి సీఎస్ఆర్ పోర్టల్లో ఊరికే చూడొచ్చు. 2021 ఏప్రిల్ నుంచి సీఎస్ఆర్-1 అనే ఫారం పెట్టి కేంద్రం దగ్గర నమోదు కాని సంస్థకు ఈ డబ్బు అప్పగించకూడదు కూడా. మనకు ఆ నమోదు ఉందా అని వ్యాన్లో అడిగాను. "అంతా స్వామి దయ" అన్నారు అధ్యక్షులవారు.

ఇంతకీ ఆ ప్రపోజల్ చెవి మిషన్ల కోసం. చిత్తూరు దగ్గర మా హాస్టల్లో ఒక పిల్ల, బడి వదలగానే మిషన్ తీసి జామెట్రీ బాక్సులో పెట్టుకుంటుంది. బ్యాటరీ బిళ్ల రేపటి పాఠానికి మిగలాలని. సాయంత్రమంతా ఆ పిల్లకు ఏమీ వినపడదు. వినికిడి లేని పిల్లలకు ఏటా ఇస్తున్న కంపెనీ నాకు అరగంటలో దొరికింది. చెబితే, "వాళ్లు మనకు పరిచయం లేదు గదా స్వామీ" అన్నారు. పరిచయమా! ఏసీ మెకానిక్ పరిచయమా మీకు? అరగంట కూర్చుని చదవడానికి ఒళ్లొంగదు, ఆ పిల్ల పేరు చెప్పి ఊళ్లు తిరగడానికి మాత్రం వ్యాను కావాలి. సిగ్గుండాలి.

వచ్చే సోమవారం ఇంకో కంపెనీకట. ఈసారి శాలువాలు రెండు కొన్నారు.